గట్టున పెట్టిన ఒట్టు

లెక్కల మాస్టారుగా నా సర్వీసులో తప్పుగా వేసిన లెక్కలు చాలానే ఉన్నాయి. వాటిని డస్టరుతో తుడిచేశాను, పిల్లలు కూడా మర్చిపోయారు. ఒక్కటి మాత్రం తుడవడానికి వీలు కాలేదు. కొత్తగా టీచర్లుగా బడిలో చేరుతున్న మీకు దాని గురించి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. రిటైరైనవాడి సలహా ఎవరూ వినరని నాకు తెలుసు. మీ వయసులో నేనూ వినలేదు. అందుకని సలహా ఇవ్వను, జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. ఎంత తొందర పనైనా సరే, పోగు తెగితే మగ్గం ఆపి, ముడి వేసి, ఆ తర్వాతే కాలు ఆడించేవాడు. "తెగిన పోగును చూసీ చూడనట్ల పోతే చీరే చెప్తాదిరా మన బండారం" అనేవాడు. నాకు మగ్గం అబ్బలేదు. చాక్‌పీసు పట్టుకున్నాను. దాంతోపాటు బెత్తం కూడా పట్టుకున్నాను.

పెనుకొండ దగ్గర ఒక హైస్కూల్లో పన్నెండేళ్లు చేశాను. లెక్కల సారు వస్తున్నాడంటే వరండాలో కాకి కూడా అరవదని పేరు. ఆ పేరు చూసుకుని మురిసిపోయేవాణ్ణి. అక్కడ పదో తరగతి చదివే ఒక పిల్లవాడు ఒక వేసవి ముందు తనంతట తాను ప్రాణం తీసుకున్నాడు. ఎలా అన్నది చెప్పను. ఆ వివరం ఎవరికీ ఉపయోగపడదు. సంతాప సభ అయ్యాక వాడి స్నేహితులు ముగ్గురు చెట్టు కింద కూర్చుని ఏడుస్తుంటే దగ్గరికి పోయాను. అందులో ఒకడు తల ఎత్తకుండానే అన్నాడు.

"మాకు తెలుసు సార్. నాలుగు దినాల ముందే చెప్పినాడు."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"మీకు చెప్తే వాన్ని కొడతారనుకున్యాం సార్."

ఆ రోజే బెత్తం విరిచి పారేశానని రాస్తే బాగుంటుంది. విరవలేదు. స్టాఫ్‌రూములో బీరువా మీద పెట్టాను. రెండు నెలల తర్వాత దుమ్ము దులిపి మళ్లీ తీశాను కూడా. కానీ చెయ్యి లేవలేదు. అలా నా బెత్తం కథ ముగిసింది. నా నోరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ సంగతి తర్వాత తెలుస్తుంది.

తర్వాత హిందూపురం బదిలీ అయింది. ఇల్లు ధర్మవరంలో, బడి హిందూపురంలో. సీజన్ టికెట్ తీసుకుని పొద్దున ఒక రైలు, సాయంత్రం ఒక రైలు. నడిమధ్య పెనుకొండ వస్తుంది. రోజుకు రెండుసార్లు ఆ స్టేషన్లో బండి ఆగేది. ఆగినన్నిసార్లూ నేను పేపరు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకునేవాణ్ణి. మా బడిలో తెలుగు చెప్పే మేడం కూడా ధర్మవరం నుంచే వచ్చేవారు. నాకన్నా పదేళ్లు చిన్న. సార్, సార్ అంటూనే నా చెవులు మెలేసే మనిషి. ఒకరోజు పేపరు కిందికి లాగి, "ఎన్నాళ్లు దాక్కుంటారు సార్?" అన్నారు. ఆమెకు ఒక్కరికే ఆ పిల్లవాడి సంగతి చెప్పాను.

హిందూపురంలో చేరిన మూడో ఏడు బడికి ఒక కాగితం వచ్చింది. పిల్లల్లో ఆత్మహత్యలు ఆపడానికి పిల్లలకే శిక్షణ ఇవ్వాలట, ప్రతి బడి నుంచి ఒక టీచరు ముందు నేర్చుకుని రావాలట. హెడ్‌మిస్ట్రెస్ మీటింగులో చదివి వినిపించి, ఎవరు పోతారు అని అడిగారు. అందరూ ఒక్కసారిగా ఫోన్లు తీసి హాజరు యాప్‌కు ముఖాలు చూపించుకోవడం మొదలుపెట్టారు. నేను చెయ్యి ఎత్తాను.

అనంతపురంలో రెండు రోజుల శిక్షణ. మానసిక వైద్యం చేసే ఒక డాక్టరమ్మ చెప్పారు. బరువు మోయలేని పిల్లవాడు ముందు చెప్పేది అమ్మానాన్నలకు కాదు, టీచరుకు కాదు, పక్కన కూర్చున్న పిల్లవాడికి. కాబట్టి ఆ పక్కవాడికి మూడు పనులు నేర్పాలి. చూడు, విను, చేర్చు. తోటివాడిలో మార్పు చూడాలి. తీర్పులు చెప్పకుండా వినాలి. ప్రాణం మాట వస్తే మాత్రం తన దగ్గర దాచుకోకుండా ఒక నమ్మకమైన పెద్ద మనిషికి చేర్చాలి. పిల్లలు వైద్యులు కారు, వాళ్ల పని చేర్చడం వరకే. ఇంకో మాట కూడా అన్నారు: "చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడకండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అడగకపోతే ఆ పిల్లవాడు ఒంటరిగా మిగిలిపోతాడు."

నోటు పుస్తకంలో అంతా రాసుకున్నాను. మూడో మాట కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను.

బడికి వచ్చి ఇరవై మంది పిల్లల్ని ఎంచాను. తోడు పిల్లలు అని పేరు పెట్టాను. జాబితా చూసి మేడం నవ్వారు. అందరూ ర్యాంకర్లే.

"సార్, మీకు కష్టమొస్తే కలెక్టరు దగ్గరికి పోతారా, పక్కింటోళ్ల దగ్గరికి పోతారా?"

"పక్కింటికే."

"మరి పిల్లోళ్లను కలెక్టర్ల దగ్గరికి ఎందుకు పంపుతాండారు?"

ఆమె చెప్పినట్టే తలా ఒక చీటీ ఇచ్చాం. నీకు బాధ కలిగితే క్లాసులో ఎవరికి చెబుతావు, ఒక్క పేరు రాయి అన్నాం. తొమ్మిదో తరగతి చీటీల్లో సగానికి పైగా ఒకే పేరు వచ్చింది. మూడో బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి. ఏడాదిగా నా క్లాసులో ఉన్నా ఆ అమ్మాయి గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. లెక్కల్లో ముప్పై అయిదుకు అటో ఇటో. తండ్రి లారీ డ్రైవరు, నెలకు రెండుసార్లు ఇంటికి వస్తాడు. తల్లి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. గుండెకు ఆపరేషన్ అయి ఇంట్లోనే ఉంటోంది. అన్నం వండి, తల్లికి మాత్రలు ఇచ్చి, బడికి వచ్చే పిల్ల. ఇంట్లో కన్నడం, బయట తెలుగు. రెండు భాషల్లోనూ తక్కువ మాట్లాడి, ఎక్కువ వినే రకం.

నేను ఎంచిన ఇరవై మందిలో పదహారు మంది మారిపోయారు. వాళ్లకు నాలుగు వారాలు పాఠాలు చెప్పాను. కానీ నెల గడిచినా ఎవరూ వాళ్ల దగ్గరికి రావడం లేదు. విచారిస్తే తెలిసింది, తోడు పిల్లలకు చెబితే లెక్కల సారుకు చేరిపోతుందని పిల్లల భయం. పెనుకొండలో విన్న మాటే మళ్లీ వినిపించింది. ఈసారి ఏదో ఒకటి చేసి తీరాలనుకున్నాను. తోడు పిల్లల చేత అందరి ముందూ ప్రతిజ్ఞ చేయించాలని ఆలోచన వచ్చింది. ఒక్క వాక్యం రాశాను: నేను విన్న మాట ఎవరికీ చెప్పను.

మూడో మాట అందులో లేదు. మర్చిపోయి కాదు. చేర్చడం గురించి ప్రతిజ్ఞలోనే చెబితే పిల్లలు మళ్లీ బెదిరిపోతారని, దాన్ని తర్వాత బోర్డు మీద రాసి చెప్పొచ్చని అనుకున్నాను. చెప్పాను కూడా. ఒకటికి రెండుసార్లు రాసి చూపించాను.

ప్రేయరుకు పీఈటీ సారు ఇరవై మందిని వరసగా నిలబెట్టి, చేతులు చాపించారు. నేను వాక్యం చదివాను, వాళ్లు అన్నారు. వాళ్లలో ఒక చిన్న పిల్ల అడిగింది.

"సార్, అమ్మతోడు అనాల్నా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, "అను, ఇంకా గట్టిగుంటాది" అన్నాను. ఇరవై గొంతులు ఒక్కసారిగా "అమ్మతోడు" అన్నాయి. బడంతా చప్పట్లు కొట్టింది. హెడ్‌మిస్ట్రెస్ ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. ఆ రోజు మేడం సెలవులో ఉన్నారు. ఉంటే ఆపేవారు.

ఇక్కడి పిల్లలకు ఒట్టు అంటే ఏమిటో నాకు తెలియదని మాత్రం అనలేను. నేనూ ఈ సీమలోనే పుట్టాను. చిన్నప్పుడు అవ్వ మీద ఒట్టు వేసి తప్పి, మూడు రాత్రులు అవ్వ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసినవాణ్ణే. అయినా అమ్మతోడు అనిపించాను. ఎందుకంటే నా పథకం పారాలని నాకు తొందర.

పథకం పారింది. వారం తిరక్కుండానే తోడు పిల్లల చుట్టూ పిల్లలు చేరారు. ఇంటర్వెల్‌లో గోడ పక్కన ఇద్దరిద్దరు కూర్చుని మాట్లాడుకుంటుంటే నేను దూరం నుంచి చూసి మీసం సవరించుకునేవాణ్ణి.

ఇప్పుడు ఇంకో అమ్మాయి గురించి చెప్పాలి. అదే తొమ్మిదో తరగతి. తండ్రికి బజారులో చిన్న కిరాణా అంగడి, అంగడి వెనకే ఇల్లు. లెక్కల్లో చురుకు. నేను బోర్డు మీద సగం వేసేలోపు జవాబు చెప్పేసేది. తల్లి లేదు, అవ్వ పెంచింది. దసరా అయ్యాక ఆ అవ్వ పోయింది. అప్పటినుంచి ఆ పిల్ల ముందు బెంచీ నుంచి వెనక్కి జరుగుతూ వచ్చింది. జడ సరిగా వేసుకునేది కాదు. మధ్యాహ్నం అన్నం పెట్టించుకుని వదిలేసేది. చూడు అని ఇరవై మందికి పాఠం చెప్పిన నేను అది చూడలేదు. నేను చూసింది మార్కులు మాత్రమే. ఫిబ్రవరిలో ఒక పరీక్ష పేపరు ఇస్తూ, క్లాసు అందరి ముందూ అన్నాను: "మీ అవ్వ పోయి నాలుగు నెలలాయె. ఇంకా ఎన్నాళ్లు చెప్తావు ఆ సాకు?"

ఆ పిల్ల ఎప్పుడూ ఆ సాకు చెప్పలేదు. నేనే కల్పించి, నేనే తిట్టాను. పేపరు తీసుకుని, మడిచి, కూర్చుంది. నా మాట వల్లే అంతా జరిగిందని అనను. ఒక మనిషి అంతదూరం పోవడానికి ఒకే కారణం వెతకొద్దని డాక్టరమ్మ చెప్పారు. కానీ బరువు మోస్తున్న పిల్ల నెత్తిన నేనూ ఒక రాయి పెట్టాను. అది నాకు తెలుసు.

ఆ తర్వాత పది రోజులకు ఒక శనివారం. బడి వదిలారు. నేను చెప్పులు వేసుకుని, సంచి భుజానికి తగిలించుకుని స్టాఫ్‌రూము గడప దాటుతున్నాను. మూడో బెంచీ అమ్మాయి తలుపు పక్కన నిలబడి ఉంది. చేతిలో ఒక కంపాస్ బాక్సు.

"సార్, ఒకటి అడగాల."

"అడుగమ్మా, తొందరగా. ట్రైనుకు టైమయింది."

"ఒట్టు తీసి గట్టున పెడితే ఎవరికీ ఏం కాదు గదా సార్?"

నాకు నవ్వొచ్చింది. చిన్నపిల్లలు ఆటల్లో అనే మాట అది. వేసిన ఒట్టు వద్దనుకుంటే నేల మీద చెయ్యి తాకించి, తీసి గట్టున పెట్టేశానంటారు, అయిపోతుంది.

"తొమ్మిదో తరగతికి వచ్చి ఇంకా ఈ ఆటలేందమ్మా? సోమవారం చెప్తాలే."

"సోమవారమా సార్?"

"ఆ, సోమవారం."

"సరే సార్" అంది. నేను ఆటో ఎక్కేటప్పుడు చూస్తే ఇంకా అక్కడే నిలబడి ఉంది.

రైలు కదిలింది. మేడం బొరుగుల పొట్లం విప్పారు. మలుగూరు దాటేవరకు జీతాల బకాయిల గురించి మాట్లాడుకున్నాం. ఇక పెనుకొండ వస్తుందనగా, నవ్విద్దామని ఆ అమ్మాయి అడిగిన మాట చెప్పాను. మేడం చెయ్యి పొట్లంలోనే ఆగిపోయింది.

"ఏ ఒట్టు సార్?"

"ఏమో, పిల్లల ఒట్టు."

"ఆ పాప తోడు పిల్ల గదా? ప్రతిజ్ఞలో ఏమని చెప్పించినారు మీరు?"

చెప్పాను. అమ్మతోడు అనిపించిన సంగతి కూడా చెప్పాను.

"వాళ్లమ్మకు గుండె ఆపరేషనయింది సార్. ఆ పాప ఆట గురించి అడగలేదు. ఎవరో ఏందో చెప్పినారు. ఆ మాట బయటపెడితే అమ్మ పోతాదని భయపడతాంది."

బండి ఆగింది. కిటికీలో పెనుకొండ అన్న బోర్డు కనపడింది. అన్నేళ్లలో మొదటిసారి ఆ స్టేషన్లో దిగాను. మేడం కూడా నా వెనకే దిగారు.

హిందూపురంలోనే ఇల్లున్న పీఈటీ సారుకు ఫోన్ చేశాను. ఆయన గ్రౌండులో ఉన్నారు. "ఆ అమ్మాయి ఇంటికి పోండి. పోయి నాకు ఫోన్ కలపండి" అన్నాను. ఎందుకని అడగకుండా స్కూటరు తీశారు. మంచి సహోద్యోగి అంటే ఎవరని ఎవరైనా అడిగితే నేను ఆ స్కూటరు చప్పుడు గుర్తుచేసుకుంటాను. మేము ఆటోలో బస్టాండుకు చేరాం. హిందూపురం బస్సు ఇంకా రాలేదు. ఫోన్ మోగింది. ఆ అమ్మాయి.

"చెప్పమ్మా, నీకు ఎవరేం చెప్పినారు?"

ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది.

"చెప్పకూడదు సార్. అమ్మతోడు అన్యాను."

"ప్రాణం సంగతైతే చేర్చాలని బోర్డు మీద రాసినా గదమ్మా."

"బోర్డు మీద రాసింది మీరే తుడిచేస్తారు గదా సార్. ఒట్టును ఎట్ల తుడిచేది?"

బస్టాండులో హారన్లు మోగుతున్నాయి. అవతల నుంచి ఇంకో గొంతు వినపడింది. ఆ అమ్మాయి తల్లి ఫోన్ తీసుకుంది.

"ఏం సారూ ఇది? ఈ పిల్ల రెండు దినాలనింటి అన్నం తినలేదు. రాత్రిపూట లేసి నా ఎదమీద చెయ్యి పెట్టి చూస్తాంది. ఏమయింది?"

"తప్పు నాదేనమ్మా" అన్నాను. "నీ మీద ఒట్టు వేయించినాను. ఎవరో ఒక బిడ్డ ప్రాణం మీదికి వచ్చుండాది. మీ పాప నోరు తెరిస్తే నీకేమన్నా అయితాదని భయపడతాంది."

ఆమె నాతో కాదు, కూతురితో మాట్లాడింది, నాకూ తెలియాలనేమో తెలుగులోనే. ఫోన్ ఆమె చేతిలోనే ఉన్నందువల్ల నాకు వినపడింది.

"ఇట్ల రా. చెయ్యి పట్టు. నా మీద వేసిన ఒట్టు నాది. నేను తీస్తాండా. ఇదో, తీసినా, గట్టున పెట్టినా. డాక్టరు కోసి కుట్టిన గుండె ఇది, నీ ఒట్టుకు ఆగిపోదు. చెప్పు తల్లీ, ఎవరా పాప?"

చెప్పింది. ఏడుస్తూ కన్నడం, తెలుగు కలిపి చెప్పింది. అంగడి వాళ్ల అమ్మాయి. గురువారం కంపాస్ బాక్సు ఇచ్చేసింది, లైబ్రరీ పుస్తకాలన్నీ తిరిగి ఇచ్చేసింది. సోమవారం నుంచి బడికి రానంది. ఎందుకని అడిగితే అవ్వ దగ్గరికి పోతానంది. నువ్వు తోడు పిల్లవు, అందరి ముందరా అమ్మతోడు అన్నావు, ఎవరికీ చెప్పవు కదా అంది. నేను ఆ ఒట్టు పెట్టించబట్టే ఆ పిల్ల నమ్మి చెప్పుకుంది. నేను ఆ ఒట్టు పెట్టించబట్టే విన్న పిల్ల నోరు మూతపడింది. రెండూ నా చేతి పనే. సోమవారం చెప్తాలే అని నేను వాయిదా వేసింది ఒక ప్రాణాన్నని అప్పుడు అర్థమైంది.

పీఈటీ సారు అంగడికి పోయారు. బస్సు వచ్చింది. పెనుకొండ నుంచి హిందూపురానికి గంట ప్రయాణం. సోమందేపల్లి వచ్చేదాకా ఫోన్ రాలేదు. మేడం నా పక్కన కూర్చుని బొరుగుల పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుని పిసుకుతూ ఉన్నారు. నేను దేవుళ్లను మొక్కే మనిషిని కాదు. ఆ రోజు ఎవరిని మొక్కానో గుర్తులేదు, మొక్కడం మాత్రం గుర్తుంది. సోమందేపల్లిలో ఫోన్ మోగింది.

"ఉండాది సార్. అంగట్లోనే కూసోని చింతపండు పొట్లాలు కడతాంది. నేను సోడా తాగుతా ఈడే నిలబడిండా. ఇది మూడోది. బిరీన రాండి."

బస్సులో అందరూ చూస్తుండగా ఏడ్చాను. యాభై ఏడేళ్ల మనిషిని.

మేము పోయేసరికి పొద్దు గుంకుతోంది. అంగట్లో కూర్చున్న తండ్రి మమ్మల్ని చూసి కంగారుగా లేచారు. "ఏం సార్, పాప ఏమన్నా తప్పు చేసిందా?" అని అడిగారు. టీచరు ఇంటికి వస్తే తండ్రికి ముందు తట్టేది అదే. లేదని చెప్పి, పాపతో మాట్లాడాలన్నాను. వెనక గదిలోకి పోయాం. అవ్వ మంచం అక్కడే ఉంది. దాని మీద బెల్లం మూటలు పేర్చి ఉన్నాయి.

ముందు క్షమాపణ చెప్పాను. "ఆ రోజు మీ అవ్వ మాట ఎత్తినాను. అది తప్పమ్మా." ఆ పిల్ల తల వంచుకుని నేల చూస్తోంది. తర్వాత డాక్టరమ్మ నేర్పినట్టు సూటిగా అడిగాను.

"చచ్చిపోవాలనిపిస్తాందా తల్లీ?"

ఆ పిల్ల తల ఎత్తి నన్ను చూసింది. కోపం లేదు, భయం లేదు. చివరికి ఎవరో అడిగారన్నట్టు చూసింది.

"అవును సార్" అంది.

తలుపు దగ్గర తండ్రి కూలబడిపోయారు. "నాకు చెప్పకూడదా అమ్మా?" అన్నారు.

"అంగట్లో ఎప్పుడూ జనాలుంటారు గదా నాయనా. ఎప్పుడు చెప్పేది?"

ఆ మాటకు ఆయన లేచి పోయి, అంగడి తలుపులు మూసేశారు. శనివారం సాయంత్రం, బేరాలు సాగే వేళ. ఆ బజారులో ఆ వేళప్పుడు ఆ అంగడి మూతపడడం అదే మొదటిసారని తర్వాత ఎవరో అన్నారు.

డాక్టరమ్మకు ఫోన్ చేశాం. ఆ రాత్రి పాపను ఒంటరిగా వదలొద్దన్నారు, ఇంకా ఏమేం చేయాలో తండ్రికే విడమరచి చెప్పారు. మేడం ధర్మవరంలో ఇంటికి ఫోన్ చేసి, ఆ రాత్రి ఆ పిల్ల పక్కనే పడుకున్నారు. పొద్దున తండ్రి, నేను పాపను అనంతపురం తీసుకుపోయాం. ఒక్కరోజులో నయమైపోయిందని చెప్పను. కొన్ని నెలలు తిరిగారు. మంచి వారాలు, చెడ్డ వారాలు. ఆ తండ్రి రోజూ మధ్యాహ్నం గంటసేపు అంగడి మూసి, కూతురితో కలిసి భోంచేయడం మొదలుపెట్టారు. మందుల్లో అదీ ఒకటని డాక్టరమ్మ అన్నారు.

కానీ అంగడి వాళ్ల అమ్మాయి మూడో బెంచీ అమ్మాయితో మాట్లాడడం మానేసింది. "ఒట్టేసి చెప్పేసినావు" అని ఒక్క మాట అని బెంచీ మారిపోయింది. ఈ పిల్ల ఆ మాట నాకు చెప్పి ఏడవలేదు. కంపాస్ బాక్సు మాత్రం నాకిచ్చి, "ఆయమ్మికి ఇచ్చేయండి సార్" అంది.

ఇంకో సంగతి. ఆ శనివారం తర్వాత నాలుగో రోజు మూడో బెంచీ అమ్మాయి బడికి రాలేదు. ఇంటికి పోతే తల్లికి జ్వరం. పిల్ల మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "నిజంగా పోయిందా సార్ ఒట్టు?" అని అడిగింది. లెక్కల మాస్టారు దగ్గర దానికి నిరూపణ లేదు. తల్లి మాత్రం దుప్పటిలోంచే నవ్వింది. "ఒక మాత్ర వేసుకున్యా సారూ. ఒట్టుకు అది చాలు." మూడో రోజుకు జ్వరం తగ్గింది. అప్పటినుంచి వేసవి సెలవులదాకా ప్రతి పొద్దునా ప్రేయరుకు ముందు ఆ పిల్ల దగ్గరికి పోయి, "అమ్మ ఎట్లుందమ్మా?" అని అడిగేవాణ్ణి. "బాగుండాది సార్" అనేది. ఆ మాట వినందే నాకు ఆ రోజు పాఠం సాగేది కాదు. ఒట్టు పెట్టించినవాడికీ భయం ఉంటుంది. అది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

జూన్‌లో బడి తెరిచారు. పిల్లలు పదో తరగతికి వచ్చారు. కొత్త తోడు పిల్లలతో ప్రతిజ్ఞ చేయించాలి. అసలు వద్దన్నాను నేను. మూడో బెంచీ అమ్మాయి ఒప్పుకోలేదు. ఆ పిల్ల నాకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. "ఒట్టు లేకపోతే ఎవరూ నమ్మరు సార్. మాట మార్చాల, అంతే" అంది. తానే రాసింది. మేడం అక్షరం కూడా దిద్దలేదు.

ప్రేయరు. పీఈటీ సారు వరసలు సరిచేశారు. మూడో బెంచీ అమ్మాయి ఒక్కతే ముందు నిలబడి చెయ్యి చాపింది. గొంతు సన్నగా ఉంది, వెనక వరసలకు వినపడడం లేదు. రెండో చేతిలో కాగితం ఉంది. అప్పుడు పదో తరగతి వరసలోంచి అంగడి వాళ్ల అమ్మాయి బయటికి వచ్చింది. నూరు రోజులకు పైగా ఆమెతో మాట్లాడని పిల్ల. నడిచి వచ్చి పక్కన నిలబడింది. కాగితం ఒక కొస తను పట్టుకుంది. రెండో చెయ్యి చాపింది. జడ నున్నగా దువ్వి ఉంది.

ఇద్దరూ కలిసి చదివారు. ఈసారి చివరి వరసదాకా వినపడింది.

"నేను విన్న మాట ఊరంతా చాటను. ప్రాణం సంగతైతే మాత్రం, నువ్వు వద్దన్నా, నాతో మాట్లాడకపోయినా, చెప్పేస్తా. అవ్వతోడు."

కాగితంలో అమ్మతోడు అని ఉంది. అంగడి వాళ్ల అమ్మాయి గొంతు పక్కదానికన్నా పెద్దగా ఉండడంతో మాకు అవ్వతోడు అనే వినపడింది. ఎవరూ దిద్దలేదు.